ఉప్పుకొఠారులో ఒద్దిక

ఊ కొట్టడానికి సిద్ధమేనా? ఊ కొట్టనివాళ్ళ చెవిలో తేలు దూరుతుంది. మా చెల్లెలి చెవిలో ఏడు దూరాయి, అన్నీ పిల్లల్ని కూడా పెట్టాయి.

అనగనగా, మీ తాతల తాత ఇంకా దోగాడుతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి గాలిలో ఎంత ఉప్పంటే, ఎవరూ కూరలో ఉప్పు వేసేవాళ్ళే కాదు. ఉడికేటప్పుడు మూత తీసి పెట్టేవాళ్ళు, అంతే. ఆ ఊళ్ళో గవరయ్య అని వీధిభాగోతాల గురువు. అతనికి ఒద్దికల పిచ్చి.

ఒద్దికంటే ఏమిటా? మీ బళ్ళో రిహార్సలు అంటారే, అదేనే బుల్లీ. జనం ముందు ఆడబోయేది ముందుగా మనలో మనం ఆడి చూసుకోవడం. అడుగు తాళానికి అందాలి, మాట మాటకి అందాలి, పక్కవాడి చెయ్యి మన ముక్కుకి అందకూడదు. అది కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యడమే. ‘ఇవాళ ఒద్దిక, రేపు ఆట’ అనేవారు. ‘ఒద్దికకి రానివాడికి వేషం లేదు పో’ అనేవారు. గవరయ్యయితే తుమ్మడానికి కూడా ఒద్దిక చేయించేవాడు. కొడుకు పోలయ్య పెళ్ళికి ముందు, పందిరి గుంజకి తాళి కట్టే ఒద్దిక చేయించాడట. అందుకే కోడలు పైడమ్మ, ‘మీ పెద్దపెళ్ళాం గుంజమ్మ బాగుందా?’ అని మొగుణ్ణి ఏడిపించేది.

ఊరవతల పాడుబడ్డ ఉప్పుకొఠారు ఉండేది, వెనకటికి ఉప్పు నిలవచేసే గిడ్డంగి. గాలి సున్నాన్ని తింది, సున్నం పోయి గోడని తింది, గోడ పోయి తలుపుని తింది, ఉప్పు మిగిలింది. వెనకటికి అక్కడ ఆట నడుస్తుండగా ఉప్పెనొచ్చి, ఆడేవాళ్ళనీ చూసేవాళ్ళనీ కలిపి ఊడ్చుకుపోయింది. మంగళహారతి పాడకుండానే ఆట ఆగిపోయింది. ఆ చూసేవాళ్ళు ఇంకా లేచి వెళ్ళలేదని చెప్పుకునేవారు. ఊ కొడుతున్నారా?

అయినా ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒద్దికకి అంత చల్లటి నీడ ఇంకెక్కడా లేదు. అందుకని పెద్దలు రెండు కట్టుబాట్లు పెట్టారు. మొదలుపెట్టేముందు గురువు గడపమీద బెత్తంతో కొట్టి, ఖాళీ కొఠారుకేసి అరవాలి: “ఇది ఒద్దికే, ఆట కాదు! చూసేవాళ్ళు చూడండి, చూసి మరిచిపోండి!” రెండోది, ఒద్దికలో హారతి పాడకూడదు. అది ఆటనాడు, జనం ముందే.

ఒక ఏడు రాజుగారు ఆట చూడ్డానికి వస్తానని కబురంపారు. ఆటేమిటంటే, రాకుమారుణ్ణి పాము కరుస్తుంది, చస్తాడు, ఆఖర్న మంగళహారతి పాడగానే లేస్తాడు. రాకుమారుడు మన పోలయ్యే. పాము గవరయ్య తమ్ముడు బంగారయ్య. అతని పొట్ట ఎంతంటే, పాకుతుంటే చేతులూ కాళ్ళూ నేలకి అందేవి కావు.

ఆఖరి ఒద్దిక రోజున పోలయ్య, గడపమీద కొట్టు నాన్నా అన్నాడు. గవరయ్యకి ఒళ్ళు తెలియలేదు. “ఇవాళ ఒద్దికేమిట్రా! రాజుగారు ఎదురుగా ఉన్నారనుకోండి. ఇది ఆటే!” అని కొఠారు దద్దరిల్లేలా అరిచాడు.

పైడమ్మ అంబలికుండతో వచ్చేసరికి, బయట నిప్పులు చెరిగే ఎండ, గడప దాటితే వణికించే చలి. సముద్రం వైపు గుమ్మంనుంచి లోపలికి తడి పాదాల జాడలు. వచ్చినవేగానీ వెళ్ళినవి లేవు. గోడవార వరసలు వరసలుగా ఉప్పుబస్తాలున్నాయనుకుంది. బస్తాలకి కళ్ళుంటాయటర్రా? వీటికున్నాయి. రెప్పలే లేవు.

అప్పుడే పాము కరిచింది. పోలయ్య పడిపోయాడు. మామూలుగా అయితే పడి, ముక్కు గోక్కుని, అంబలేదే అంటూ లేచేవాడు. లేవలేదు. ఆ తెల్లటి వాళ్ళంతా ఒక్కసారే ‘అయ్యో’ అన్నారు, అల వెనక్కి తీసినట్టు. పోలయ్య కాలివేళ్ళనుంచి ఉప్పు పేరుకుంటూ పైకి పాకుతోంది. గవరయ్య హారతి వెలిగించబోయాడు. ఆ చెమ్మకి కర్పూరం అంటుకోలేదు, వెలగని హారతికి పాట చెల్లదు.

పైడమ్మకి తెలిసిపోయింది. వాళ్ళు దీన్ని నిజం ఆటనుకున్నారు. ఆటలో చచ్చాడు, హారతి లేదు, ఇక లేవడు. కుండ దింపి, మామగారి చేతిలో బెత్తం లాక్కుని గడపమీద ఫెళ్ళున కొట్టింది.

“ఆపండి! చినమామా, అది పామా, పనసకాయా? తాళం చూస్తే కుంటుతోంది. మళ్ళీ మొదట్నుంచి!”

“అమ్మా, వాడు పోయాడే...” అని గవరయ్య గొల్లుమన్నాడు.

“పోతే మొదటి పాటకి ఎవరొస్తారు? మద్దెల కొట్టండి!” అని గోడవైపు తిరిగింది. “మీరేమిటర్రా, ఒద్దికకే అయ్యో అనేస్తే రేపు ఆటకి ఏమంటారు? ఇది ఒద్దికే, ఆట కాదు! చూసేవాళ్ళు చూడండి, చూసి మరిచిపోండి!”

మెడలన్నీ ఆమెకేసి తిరిగాయి, కాలికింద ఉప్పు నలిగినట్టు కరకరమంటూ. మద్దెల మోగింది, రాకుమారుడు రావాలి, రాలేదు. తప్పు, మళ్ళీ! మద్దెల మోగింది, రాకుమారుడు రావాలి, రాలేదు. తప్పు, మళ్ళీ! ఉప్పు నడుం దాటింది. అప్పుడు ముందు వరసలో బోసినోటి ముసలమ్మ పక్కామెతో, “తప్పులు పడుతున్నాయి, మళ్ళీ చేస్తున్నారు. ఒద్దికేనే,” అంది.

జలజలా ఉప్పు రాలింది. పోలయ్య ముక్కు గోక్కుని, “అంబలేదే?” అన్నాడు.

వాళ్ళలో ఒక పసిది, నీళ్ళకింద మాట్లాడినట్టు అడిగింది. “హారతెప్పుడు?”

పైడమ్మ గుండె కరిగింది. “రేపు దీపాలవేళ, సంతదిబ్బ మీద. ముందు చాపలు మీవేనమ్మా,” అంది.

మర్నాడు రాజుగారొస్తే, ఆ చాపలు వేరేవాళ్ళవి బాబూ అని వెనక కూర్చోబెట్టింది! ఆట సాగింది, రాకుమారుడు చచ్చాడు, పైడమ్మ కర్పూరం వెలిగించింది. హారతి పాడారు. పోలయ్య లేచాడు! రాజుగారి చప్పట్లకి ఏడూళ్ళ కాకులు లేచిపోయాయి. పైడమ్మ హారతిపళ్ళెం ఖాళీ చాపల ముందు పట్టింది. గాలి లేదు. అయినా మంట ఒక్కో చాపవైపూ వంగింది, ఎవరో కళ్ళకద్దుకున్నట్టు. ఆఖరి చాప దగ్గర చాలా కిందికి వంగింది. పసిది కదూ మరి. తర్వాత చూస్తే చాపలమీద చారెడు చారెడు ఉప్పు, అంతే. కొఠారులో మళ్ళీ ఎవరూ కనబడలేదు.

రాజుగారు గవరయ్యకి పెద్ద సాలువా కప్పారు. దాంట్లో ఊరంతా పడుకోవచ్చు. పైడమ్మా, పోలయ్యా, గుంజమ్మా చల్లగా ఉన్నారు. కాబట్టి రేపు బళ్ళో ఒద్దికలో నీ పద్యం తప్పు పోతే ఏడవకు సూరీ. తప్పులన్నీ ఒద్దికలోనే పడాలి. మళ్ళీ మొదట్నుంచి చదువుకో.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం. ఉండండి, ఒక్కటి మరిచిపోయాను.

“ఇది కథే, నిజం కాదు! వినేవాళ్ళు వినండి, విని మరిచిపోండి!”

ఆ మూలకి చూసి ఎవరితో అంటున్నానా? మీతోనేనర్రా. పడుకోండి.