కోటలో మొలిచిన ఉత్తరేణి

ఏటికి ఇవతల ఒకానొక రాజ్యాన్ని మణికుంభుడనే రాజు ఏలేవాడు. ఆయన భుజాన వేసుకునే పన్నెండు మూరల పట్టు ఉత్తరీయం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేది. దాన్ని దులపడం నిషేధం. అంటుకున్న దుమ్మంతా తన దిగ్విజయాలకు గుర్తని రాజుగారి నమ్మకం. ఆ దిగ్విజయాలన్నీ ఏటి అవతల మామగారింటి విందులే. దులిపించుకోని గర్వం రాజుకైనా మంచిది కాదు.

ఒక వానాకాలం కోటలో రాళ్ల సందుల్లో ఉత్తరేణి మొలిచింది. ఆ రోజుల్లో అది ఏటి అవతలి కొండవాలున తప్ప మరెక్కడా ఉండేది కాదు.

"ఇది శత్రువుల కుట్ర!" అని రాజు మండిపడి, కోటలో కలుపు తీసే నూకమ్మను పిలిపించాడు. "ఏమే, గింజలు చల్లింది నువ్వే కదూ?"

"నేను పీకేదాన్ని ప్రభూ, చల్లేదాన్ని కాదు. పీకలేక నడుము పడిపోయింది."

"సాయంత్రంలోగా దీన్ని తెచ్చిన దొంగ దొరక్కపోతే నీకు దేశబహిష్కారమే!"

ముసలిది బావురుమంది. కొలువులో చమత్కారిగా పేరుబడ్డ తిప్పన లేచాడు.

"మహాప్రభూ, దొంగ నడిచిన చోటల్లా మొక్క మొలిచింది. మొక్కల వెంట పోదాం. తమరే ముందు నడవండి."

రాజు కత్తి దూసి బయలుదేరాడు. వెనకే రాణి, మంత్రులు, నూకమ్మ. మొక్కల బారు ఏటి వైపు కోట గుమ్మం దగ్గర మొదలై, కొలువుకూటం మెట్లెక్కి, పెరటి దారిన వంటశాల చేరింది. అరిసెలు దాచే కొట్టు ముందు మోకాలెత్తున గుబురుకట్టింది.

"దొంగ తిండిపోతు కూడానా!" రాజు గర్జించాడు.

"అవును ప్రభూ. రోజూ వస్తున్నట్టున్నాడు," అన్నాడు తిప్పన.

రాణి వంగి చూసింది. రాజుగారి ఉత్తరీయం అంచు నిండా ఉత్తరేణి గింజలు చీమల్లా పట్టుకుని ఉన్నాయి.

"వైద్యుడు తీపి ముట్టవద్దన్నది మిమ్మల్నే కదండీ?"

రాజు కత్తిని ఒరలో పెట్టబోతే రెండుసార్లు గురి తప్పింది.

"తిప్పనా, ఇప్పుడు నన్ను నేనే దేశం నుంచి వెళ్లగొట్టుకోవాలా?"

"అక్కర్లేదు ప్రభూ. నూకమ్మ చేత దులిపించుకుంటే చాలు."

నూకమ్మ కసిదీరా దులిపింది. రాజుగారికి తుమ్ములొచ్చాయి, తుమ్ముల వెంట నవ్వూ వచ్చింది. ముసలిదానికి కొత్త కోక ఇప్పించి, "ఈ కొట్టులో అరిసెలన్నీ నీకే బహుమానం తిప్పనా!" అన్నాడు.

తిప్పన చేతులు జోడించాడు.

"అయితే రేపటి నుంచి ప్రభువులు మా ఇంటికి వస్తారన్నమాట. గుమ్మం బయటే దులుపుకుని మరీ రండి!"