తుపాకి మూతికి మసి

వేటకు సర్కారు ఇంకా లైసెన్సులిస్తున్న రోజులవి. మాణిక్యం మక్కచేనును అడవిపందులు సగానికి సగం మేసేశాయి. తుపాకి కొన్నాడు. కాల్చడం నేర్చుకుందామని, అందరూ ఉస్తాద్ అని పిలిచే ఇమామ్ సాబ్ దగ్గర చేరాడు. రెండు నెలలు గడిచినా ఆ ముసలి షికారీ అతని చేతికి ఒక్క తూటా ఇవ్వలేదు.

రోజూ ఒకటే పాఠం. తుపాకి విప్పు, చూడు, మూయి. మూతి నేలకుంచు. మాణిక్యం కాస్త పక్కకు తిరిగితే చాలు, ఉస్తాద్ కేక వేసేవాడు.

"మూతి!"

తుమ్మితే "మూతి!" చెప్పులు విడవబోతే "మూతి!"

ఒకరోజు పొద్దున్నే మాణిక్యానికి ఒళ్లు మండింది.

"ఖాళీ తుపాకి ఉస్తాద్! ఇప్పుడే గదా ఇద్దరం చూసినం. నా ఎనుక వచ్చినోళ్లు పందుల్ని కొట్టి కూర వండుకుంటున్నరు. ఎన్నడన్న ఎవరి మీదికన్న మూతి పెట్టిన్నా నేను?"

ఆ మాట అంటున్నప్పుడు మూతి ఉస్తాద్ మోకాలి వైపే ఉంది. ఆయన దాన్ని వేలితో పక్కకు నెట్టాడు.

"చెప్పీ చెప్పీ నా గొంతు పోయిందిరా" అని తుపాకి లాక్కున్నాడు.

అంతే పొడవున్న కర్ర ఒకటి తెచ్చి, కొసకు గుడ్డ చుట్టి, ఆముదంలో కలిపిన మసిలో ముంచాడు.

"ఇయ్యాల పొద్దుగూకేదాక ఇదే నీ తుపాకి. చేతిలకెల్లి దించకు. పో."

మాణిక్యం పళ్లు నూరుకుంటూ వెళ్లాడు. దారిలో పలకరించిన సాయిలు అంగీకి మసి అంటింది. అడ్డం వచ్చింది సాయిలే. ఎద్దు డొక్కకు అంటింది. ఎద్దుకేం తెలుసు? చేను గట్టు మీద కూర్చుని లేచేసరికి తన గడ్డానికే అంటింది. విసుక్కుంటూ తుడుచుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, ఉయ్యాల ఒకసారి ఊపి, మళ్లీ చేనుకు పోయాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. మూడే మూడు మరకలు, ఏదీ తన తప్పు కాదు. రేపు ఉస్తాద్ ముఖం మీదే చెప్పాలి అనుకున్నాడు.

భార్య పోచమ్మ పిల్లను చంకనేసుకుని ఎదురొచ్చింది.

"బిడ్డకు దిష్టిచుక్క నువ్వు పెట్టినవా? నేను పొద్దున పాదానికి పెట్టిన. నుదుటి మీద ఇదేంది, ఇంత లావు?"

మాణిక్యం చూశాడు. ఎంత ఆలోచించినా ఎప్పుడు తగిలిందో గుర్తు రాలేదు. తువ్వాల కొసతో తుడిచాడు. నూనె మసి. తుడిచినకొద్దీ పరుచుకుంది. పిల్ల నవ్వుతోంది. 

తెల్లారి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

"ఎంతమందికి అంటింది?"

"బిడ్డ నుదుటికి అంటింది ఉస్తాద్" అన్నాడు మాణిక్యం.

ఇమామ్ సాబ్ తుపాకి అందించాడు. మాణిక్యం మూతి నేలకుంచి, విప్పి, లోపల చూశాడు. వేలు పెట్టి తడిమాడు. మళ్లీ చూశాడు. ఎవరూ కేక వేయలేదు.

ఉస్తాద్ జేబులోంచి ఒక తూటా తీసి చేయి చాచాడు.

మాణిక్యం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇయ్యాల వద్దు ఉస్తాద్."

"ఇయ్యాలే తీస్కో" అన్నాడు ఇమామ్ సాబ్.