సన్నోడి మూడో గూడు

అనగనగా ఒక అడవి, అడవిలో ఒక వాగు, వాగు మీదికి వంగిన ఈతచెట్టు. చెట్టు నిండా గిజిగాళ్ళే.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. మగపిట్ట ముందు సగం గూడే అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితేనే పెళ్ళి. మనకీ ఈ పద్ధతి ఉంటే ఎంతమంది మావయ్యలు ఒంటరిగా మిగిలేవాళ్ళో!

సన్నోడనే కుర్ర గిజిగాడికి అదే మొదటి గూడు. అల్లి, ఉడుతను పిలిచాడు. ఉడుత అందరికీ బావే. చెడ్డవాడు కాదు. ఎవరైనా నవ్వితే చాలు, వాడికి కడుపు నిండేది.

"బావా, ఎలా ఉంది?"

"గూడా ఇది? తాతగారి గడ్డం అనుకున్నా!"

చెట్టంతా నవ్వింది. సన్నోడూ నవ్వాడు. సాయంత్రానికి గూడు పీకేశాడు.

రెండోది అల్లాడు. "ఇప్పుడో, బావా?"

"భేష్! ఎండిన బీరకాయ అచ్చం ఇలాగే ఉంటుంది!"

ఈసారి సన్నోడు నవ్వలేదు. అదీ పీకేశాడు.

మూడోది అల్లేసరికి ముక్కు పగిలింది. గూడు మాత్రం చక్కగా కుదిరింది. ఉడుత చూశాడు. 'అబ్బ, ఎంత బాగుందో!' అనుకున్నాడు. కానీ చెట్టంతా తన నోటికేసే చూస్తోంది.

"బామ్మర్దీ, ఇందులో కాపురం పెడితే పెళ్ళాంతో సహా వాగులో స్నానమే!"

అందరూ పడీ పడీ నవ్వారు. సన్నోడు గూడు మొదలు కొరికేశాడు. గూడు వాగులో కొట్టుకుపోయింది.

కాసేపటికి ఒక ఆడపిట్ట వచ్చి వాలింది.

"పొద్దున ఇక్కడో గూడు చూశాను. ఎంత ముచ్చటగా ఉందో! అమ్మకి చెప్పి వచ్చాను. ఏదీ?"

అందరూ వాగు వైపు చూశారు. కాసేపు చూసి ఆమె ఎగిరిపోయింది.

ఉడుత సన్నోడి దగ్గరికి పరిగెత్తాడు. "ఊరికే అన్నానురా! అన్నిటికన్నా నీదే బాగుంది, ఒట్టు! ఇంకోటి అల్లరా."

"గడ్డి ముదిరిపోయింది బావా. పోచ వంగదు," అన్నాడు సన్నోడు. "ఆ మాట పొద్దున అనుంటే బాగుండేది."

ఆ వానాకాలమంతా సన్నోడు కొమ్మ మీద ఒంటరిగా తడిశాడు. మరుసటి ఏడు లేతగడ్డి వచ్చింది. సన్నోడు ఒక పోచ తెచ్చాడు. ఉడుత వైపు చూశాడు.

"అల్లరా, బంగారం, అల్లు," అన్నాడు ఉడుత.

సన్నోడు పోచను వాగులో వదిలేశాడు.

నీతి: నవ్వించండి, తప్పులేదు. కానీ మనసులో మెచ్చుకున్నది అప్పుడే పైకి చెప్పండి; ఆలస్యమైతే ఆ మాట ఎవరికీ అక్కరకు రాదు.