చంద్రవాక కోటవాకిట దాహమడిగిన ఎంగిలమ్మ

చంద్రవాక కోట ఉత్తర ద్వారం పక్కన వెలసిన ఎంగిలమ్మ తల్లికి నైవేద్యం వండినవారు ముందు తాము తిని, ఆ తరువాతే నివేదిస్తారు. కొత్తగా వచ్చిన యాత్రికులు ఇదేమి అపచారమని ముక్కున వేలేసుకుంటారు. కారణం విన్నాక తామూ అలాగే తిని నివేదిస్తారు.

పూర్వం ఈ చంద్రవాక ఒక రాజ్యానికి రాజధానిగా ఉండేది. శత్రువులు నగరాన్ని పట్టుకుని కోటలో తిష్ఠ వేయగా రాజు అడవుల పాలయ్యాడు. విషం పెడతారన్న భయంతో శత్రు సేనాపతి ప్రతి పూటా వంటకత్తె గంగసాని చేత ముందు తినిపించి, కాసేపు చూసి, ఆపైన తనవారికి వడ్డింపించేవాడు. ఊరు గంజికి మొహం వాచి ఉంది. పగవాడికి ఎంగిలి పెట్టి బతికేదని ఆమెను ఎంగిలమ్మ అంటూ అందరూ కాండ్రించి ఉమ్మారు. తోడబుట్టిన అక్క పోలసాని గడప తొక్కనివ్వలేదు.

రాజు తిరిగి కోటను ముట్టడించిన నాడు గంగసాని పప్పులో ఉమ్మెత్త కలిపింది. ఎప్పటిలాగే ముందు తానే తిన్నది. అది చూసి శత్రువులు నమ్మి తిన్నారు. కావలివారికి మతి తప్పాక ఆమె గోడ తడుముకుంటూ వెళ్లి ద్వారం గడియ తీసింది. తీసినదెవరని ఎవరూ అడగలేదు, సైన్యం లోపలికి ఉరికింది.

బయట పోలసాని సైనికుల దాహం తీర్చడానికి కడవతో నిలబడి ఉంది. చెల్లెలు తూలుతూ ఆమె దగ్గరకు వచ్చింది.

"అక్కా, నాలుక పిడచకట్టుకుపోతోందే. గుక్కెడు నీళ్లు పొయ్యవే."

"పగోడి పంచన తాగొచ్చి నన్ను నీళ్లడుగుతావా? అవతలికి పో."

లోపల శత్రువులంతా అలాగే తూలుతూ నీళ్ల కోసం దేవురిస్తున్నారు. వంటశాలలో ఉమ్మెత్తకాయల తొక్కలు కుప్పగా దొరికాయి. ఆ కబురు వినగానే పోలసాని నిండు కడవతో పరుగెత్తింది. గంగసాని ద్వారం పక్కన ఒరిగి ప్రాణం విడిచి ఉంది. నోరు తెరిచే ఉంది. విజయభేరి మోగించబోయినవారు కర్రలు కింద పెట్టేశారు. నగరాన్ని విడిపించిన బిడ్డకు ఆ నగరంలో గుక్కెడు నీళ్లు పుట్టలేదంటే ఈనాటికీ నమ్మబుద్ధి కాదు.

కొన్నాళ్లకు గంగసాని పోలసాని కలలోకి వచ్చింది. వరమూ ఇవ్వలేదు, శాపమూ పెట్టలేదు. "అక్కా, నీళ్లు" అని మాత్రం అన్నది. తెల్లవారి గంగసాని ప్రాణం విడిచిన చోట తవ్వగా తెరిచిన నోటితో అమ్మవారి శిల బయటపడింది. ఊరు తిట్టిన పేరే తల్లికి నిలిచింది.

కోట దక్కిన జ్యేష్ఠ బహుళ పంచమి నాడు ఇక్కడ ఉత్సవం జరుగుతుంది, మేళతాళాలు మాత్రం ఉండవు. పోలసాని వంశపు కోడలు కడవతో ద్వారం దగ్గర నిలిచి, వచ్చినవారు తాగి తూలుతున్నా సరే, ఏమీ అడగకుండా నీళ్లు పోస్తుంది. ఈ తల్లిని కొలిచినవారికి నీలాపనిందలు తొలగుతాయని, ఎడబాసిన తోబుట్టువులు కలుస్తారని పెద్దల మాట. చివరి కడవను అమ్మవారి నోట పోస్తారు. ఎంత పోసినా కింద చుక్క పడదు.