బంగారి కట్టుకున్న గోడ

ఎలుగుమెట్ట అడవిలో కోతులున్నాయి, అడవికోళ్ళున్నాయి, పొద్దస్తమానం చెట్లు పొడిచే వడ్రంగిపిట్టలున్నాయి. అన్నిట్లోకీ గమ్మత్తైనవి కొమ్ముముక్కు పిట్టలు. వాటికి ఇంత పొడుగు ముక్కు, ఆ ముక్కు మీద బోర్లించిన దొప్పలాగా ఇంకో కొమ్మూ ఉంటాయి.

ఆ పిట్టలకి ఒక వాడుక ఉంది. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరి, లోపల్నించి వాకిలికి మట్టి మెత్తేస్తుంది. పాము రాకుండా అన్నమాట. ముక్కు పట్టేంత చీలిక మాత్రం ఉంచుకుంటుంది. లోపలున్నన్నాళ్ళూ దాని పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి. మగపిట్ట పళ్ళు తెచ్చి చీలికలోంచి పెడుతుంది. పిల్లలు ఎదిగాక గోడ పగలగొట్టుకుని అన్నీ బయటికొస్తాయి.

బంగారి అనే కొమ్ముముక్కు పిట్ట కూడా అలాగే తొర్రలో దూరింది. పిల్లలు ఎదిగాయి, గోడ పగిలింది, పిల్లలు ఎగిరిపోయాయి. బంగారి తొర్ర అంచున నిలబడి కిందికి చూసింది. కళ్ళు తిరిగాయి.

"ఇవాళ వద్దులే, రేపు ఎగురుదాం" అనుకుని లోపలికి జరిగింది. గాలి కొడుతోందని మొగుడి చేత మట్టి తెప్పించి, పగిలిన చోట మళ్ళీ మెత్తింది. మట్టి ఎండి రాయైంది. ఆ రేపు మాత్రం రాలేదు.

మొగుడు మెత్తనివాడు. "ఏమేవ్, ఇంకా ఎన్నాళ్ళే?" అని ఒక్కసారి అడిగాడు.

"నీకేం పోయిందయ్యా, తెచ్చి పెట్టు" అంది.

తెచ్చి పెట్టాడు.

అదే చెట్టు మీద వడ్రంగిపిట్ట కాపురం. అది టకటకమని బెరడు పొడుస్తుంటే బంగారి చీలికలోంచి నవ్వేది. "ఎందుకొదినా ఆ తల బాదుకోడం? నన్ను చూడు. ఎండ లేదు, వాన లేదు. నోరు తెరిస్తే పండు."

"నీ అదృష్టం నీది, నా పిల్లల ఆకలి నాది" అనేది వడ్రంగిపిట్ట, పని ఆపకుండానే.

ఒకరోజు మొగుడు రాలేదు. మర్నాడూ రాలేదు. డేగ తన్నుకుపోయిందని కోతులు చెప్పాయి.

బంగారి ఏడ్చింది. ఏడవాల్సిందే, అంత మంచివాడు. కానీ ఎంత ఏడ్చినా పొట్ట ఊరుకోదు కదా.

వడ్రంగిపిట్ట జాలిపడి రెండు పురుగులు పెట్టింది. "వదినా, ఇవి నా పిల్లల నోటి దగ్గరివి. రోజూ పెట్టలేను. గోడ పగలగొట్టమంటావా? నాకు చిటికెలో పని."

"అమ్మో, వద్దు! చీలిక కాస్త పెద్దది చేసిపెట్టు చాలు. ఎవరైనా పెద్ద పండు పెడితే పడుతుంది."

"పెట్టేదెవరు?" అంది వడ్రంగిపిట్ట.

ఆ మాట అనేసి ఎగిరిపోయింది. చాలాసేపటికి బంగారి ముక్కెత్తి గోడని ఒక్క పోటు పొడిచింది. గోడ కదల్లేదు. ఎంత గట్టిగా మెత్తుకుందో అప్పుడు తెలిసొచ్చింది. మెత్తింది తనే, ఎవర్ని తిట్టాలి? మళ్ళీ పొడిచింది. పొద్దు వాలేసరికి గోడ ఊడింది. గోడతో పాటే బంగారీ పొదల్లో పడింది.

రెక్కలు చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ కదిపితే కదా ఎగరడానికి!

అడవికోడి చూసి పకపకా నవ్వింది. "ఓహో, దొరసాని గారు నేలకి దిగారే! మా గింజలు ఏరుకోడానికా?"

"అవునే, ఏరుకోడానికే. కాస్త పక్కకి జరుగు" అంది బంగారి. ఆకలికి సిగ్గేమిటి!

అలా గింజలు ఏరుకుంటూ, చెదపురుగులు తింటూ బతికింది. తునికిచెట్టు కింది కొమ్మ మీదికి ఎగరడం నేర్చుకుంది. పడింది, లేచింది. కొన్నాళ్ళకి చిటారు కొమ్మ దాకా పోయింది. అక్కణ్ణించి చూస్తే లోయ, లోయకి అవతల జువ్విచెట్లు. ఒక్కో చెట్టూ ఎర్రగా, విరగకాసి ఉంది. పిల్లలు ఎగిరిపోయింది అటే.

"లోయ దాటతాను" అంది.

"ఎందుకు పిన్నీ నీకా పీడ? ఇక్కడ ఎండ లేదు, కాలికింద గింజ ఉంది. హాయిగా ఉన్నావు కదా!" అంది అడవికోడి. ఈసారి అది ఎగతాళికి అన్నది కాదు, ప్రేమగానే అంది.

బంగారి ఉలిక్కిపడింది. ఈ మాట తను ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, తొర్రలో కూర్చుని తను అన్నదే!

మర్నాడు పొద్దున్నే ఎగిరింది. సగం లోయ దాటాక గాలి ఈడ్చి వెదురుపొదలో పడేసింది. రెండు ఈకలు విరిగాయి. ఒళ్ళంతా గీరుకుపోయింది. నడుచుకుంటూ, గెంతుకుంటూ గట్టెక్కి వచ్చింది.

"చెప్పానా?" అంది అడవికోడి.

"చెప్పావు. గాలి ఎటు లాగుతుందో మాత్రం నువ్వు చెప్పలేదు, అది నేనే తెలుసుకున్నా" అంది బంగారి.

దెబ్బలు మానాక మళ్ళీ ఎగిరింది. గాలి లాగే చోట గట్టిగా రెక్క కొట్టింది. కిందికి చూడలేదు. జువ్విచెట్టు మీద కాళ్ళు ఆనాక గానీ ఊపిరి వదల్లేదు. పండు తుంచి, మొగుణ్ణి తలుచుకుని, మింగింది. తన రెక్కలతో సంపాదించిన పండు అంత తియ్యగా ఉంటుందని దానికి అంతవరకూ తెలీదు.

పక్క కొమ్మ మీంచి "అమ్మా!" అన్న కేక వినపడింది.

తర్వాతి ఎండాకాలానికి కూతురు గుడ్లు పెట్టడానికి తొర్రలో దూరి గోడ కట్టుకుంటోంది. బంగారి చూసి ముక్కుతో మట్టి గీకి పారేసింది.

"ఏంటమ్మా, పల్చగా కడితే పాము రాదూ?" అంది కూతురు.

"పాము లోపలికి రాకుండా కట్టుకోవే పిచ్చిదానా. నువ్వు బయటికి రాకుండా కట్టుకోకు" అని, బంగారి అల్లుడితో పాటు పళ్ళకి ఎగిరిపోయింది, ఈసారి రెండో కొండ అవతలికి.

నీతి: సుఖంగా ఉంది కదా అని ఉన్నచోటే ఉండిపోతే ఉన్న రెక్కలు కూడా మొద్దుబారతాయి. భయపెట్టే పనికి పూనుకుంటేనే రెక్కల బలం తెలిసేది.