భయం పోయిన రోజు

హేమసుందర్‌కి వేళ్లు వణికేవి. కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు వరసలు బాగానే రాసేవాడు. చివర మీట నొక్కాల్సి వచ్చేసరికి చెయ్యి వెనక్కి వచ్చేసేది.

"స్వామీ, ఈ భయం ఎప్పుడు పోతుంది?" అని అడిగాడు, వచ్చిన కొత్తలో.

నిత్యబోధ స్వామి స్క్రీను మీంచి కళ్లు తిప్పలేదు.

"పోయిన రోజున వచ్చి చెప్పు" అన్నారు.

మా మఠాన్ని ఆనుకుని ఉచిత డయాలసిస్ కేంద్రం ఉంది. కిడ్నీలు పాడైనవాళ్లకి అక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు. మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరికి ఏ రోజు, ఏ మంచం అన్నది కంప్యూటరే చెబుతుంది. అందులో పేరున్నవాడికి ఎప్పటికో వంతు వస్తుంది. పేరు లేనివాడు వరండాలో కూర్చుంటాడు, కూర్చునే ఉంటాడు. కాళ్లు వాస్తాయి, మొహం ఉబ్బుతుంది, ఆయాసం పడతాడు. ఆ తర్వాత నలుగురు మోసుకుపోతారు. గేటు దగ్గర ఉండేవాణ్ని నేను. ఎవరో చెప్పింది కాదు, చూసింది చెబుతున్నాను.

ఆ కంప్యూటర్ల పని స్వామిది. కాషాయం కట్టకముందు ఏదో కంపెనీలో ఇదే పని చేసేవారట. రోజూ మనిషి చేత్తో చేసే పనిని వరసగా మాటల్లో రాసిపెడితే యంత్రం తనంతట తానే చేసుకుపోతుందట. దాన్ని స్క్రిప్ట్ అంటారు. ఆ రాత నేర్చుకోవడానికే హేమసుందర్ మఠంలో చేరాడు.

అతనికంటే ముందు ఇంకొకడు నేర్చుకున్నాడు. పేరు చెప్పను, నా నోటికి ఆ పేరు పట్టదు. ఒక పొద్దున్న ఏదో రాసి నొక్కాడు. ఆ వారం వంతులన్నీ తుడిచిపెట్టుకు పోయాయి. వాడు వెనకదారిన పోయి బస్సెక్కాడు. గేటు దగ్గర జనం చేత చొక్కా చింపించుకున్నది నేను. స్వామి వాణ్ని క్షమించారు. నేను క్షమించలేదు.

అందుకే హేమసుందర్ వేళ్లు వణుకుతుంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

స్వామి తొందరపెట్టలేదు. మొదట ఎందుకూ పనికిరాని ఫైళ్ల మీద రాయించారు. తర్వాత ఫైళ్లకి నకళ్లు తీసే స్క్రిప్ట్ రాయించారు. ఏదీ బెడిసికొట్టలేదు. ఒక్కొక్కటీ సరిగ్గా నడుస్తుంటే కుర్రాడి మెడ నిటారైంది. భోజనాల పంక్తిలో గొంతు పెరిగింది.

"తాతా, నీ గేటుకి కూడా ఒక స్క్రిప్ట్ రాసి పారేస్తాను. నువ్వు ముసుగు తన్ని పడుకోవచ్చు" అన్నాడొకసారి అందరిలో.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట కూడా దాచుకున్నాను.

కంప్యూటర్‌కి పెద్ద తాళం అని ఒకటి ఉంటుంది. అది ఇనప్పది కాదు, ఒక రహస్యపు మాట. ఆ మాట తెలిసినవాడు లోపల దేన్నయినా ఉంచగలడు, దేన్నయినా తుడిచెయ్యగలడు. అది స్వామి ఒక్కరికే తెలుసు. తుడిచే పని ఏదైనా వస్తే ఆయనే వచ్చి కూర్చుని, ఆ మాట కొట్టి లేచేవారు. హేమసుందర్ చూపంతా దాని మీదే.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం స్వామి అతన్ని పిలిచి పని చెప్పారు.

"చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లు విడిచిపోయినవాళ్ల పేర్లు వరసలో అలాగే ఉండిపోయాయి. వాటివల్ల బతికున్నవాళ్ల వంతు వెనకబడుతోంది. తీసెయ్యాలి."

మధ్యాహ్నానికల్లా రాసేశాడు. ఒక్కో రోగికి ఒక్కో ఫైలు. అందులో చివరిసారి డయాలసిస్ జరిగిన తేదీ ఉంటుంది. ఆ తేదీ మరీ పాతదైతే ఆ మనిషి ఇక రాడని లెక్క, ఫైలు తీసెయ్. అంతే.

"ఒకసారి చూడనా?" అన్నారు స్వామి.

"చూడ్డానికి ఏముంది స్వామీ, నాలుగు వరసలు. తాళం ఇప్పించండి, నేనే నొక్కేస్తాను." నవ్వుతూ ఇంకో మాట కలిపాడు. "ఆ రోజు చెప్పమన్నారు కదా. నాకు భయం పోయింది."

జనరేటరు గది తాళంచెవి కోసం వెళ్లి నేనక్కడే ఉన్నాను. ఆ మాటకి స్వామి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. చీకట్లో కాలు పెట్టినచోట ఏదో మెత్తగా కదిలితే మనిషి అలా అయిపోతాడు.

వంగి స్క్రీను మీద వేలు పెట్టారు.

"ఇక్కడ 'తీసెయ్' అని ఉంది. అది చెరిపి, 'పేరు చెప్పు' అని రాయి."

రాశాడు. నొక్కాడు. స్క్రీను మీద పేర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి.

"పోయే పేర్లు ఇవేనా?"

"ఇవే స్వామీ."

"కాగితం మీదికి దించుకో. వరండాలోకి వెళ్లి పిలువు."

"చచ్చినవాళ్లనా?"

"గట్టిగా పిలువు."

గొణుక్కుంటూ బయల్దేరాడు. నేనూ వెనకే నడిచాను.

వరండా నిండా జనం. జల్లు కొడుతోందని అందరూ గోడవారకి జరిగి కూర్చున్నారు. దాహంతో నాలుక పిడచ గట్టుకుపోతున్నా ఒంట్లో నీరు చేరుతుందని గుక్క కొలుచుకుని తాగాల్సిన మనుషులు వాళ్లు. చూరు నుంచి కారే వానకేసి చూస్తున్నారు.

"పైల కూర్మయ్య!"

ఎవరూ పలకలేదు. మూల నుంచి ఒక ముసలాయన, "ఆడు పోయి శానాళ్లయింది బాబూ" అన్నాడు.

"జుత్తు రామినాయుడు!"

పలకలేదు. హేమసుందర్ నాకేసి తిరిగి కనుబొమలెగరేశాడు, చూశావా అన్నట్టు.

"కర్రి దాలమ్మ!"

"ఒత్తన్నాను బాబూ!"

స్తంభం వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. ఒకామె లేవబోయి, లేవలేక, పక్కామె భుజం పట్టుకుని నిలబడింది. పాదాలు రొట్టెల్లా పొంగి ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సెప్పినానా? ఈయేల పిలుత్తారని నాను సెప్పినానా?" అంది పక్కామెతో.

హేమసుందర్ కాగితంలోకి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాతి పేరు పిలిచాడు.

"బోర ఎర్రయ్య."

"ఉన్నాను, ఉన్నాను!" అంటూ ఒకతను లుంగీ సర్దుకుంటూ లేచాడు. అతని భార్య గబగబా చాప చుట్టేస్తోంది, ఇక ఆ చాపతో పని లేదన్నట్టు.

హేమసుందర్ ఆగిపోయాడు. వరండా అంతా అతని నోటికేసే చూస్తోంది.

"ఆగిపోనావేటి బాబూ? పిలు" అన్నారెవరో.

పిలిచాడు. ఇంకొకరు లేచారు. మళ్లీ పిలిచాడు. తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న పిల్ల లేచి కూర్చుంది.

"వీళ్లకి తేదీ లేదు" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "తాతా, వీళ్లకి ఇంకా తేదీయే పడలేదు."

అప్పుడు నాకూ అర్థమైంది. వీళ్లంతా కొత్తగా వచ్చినవాళ్లు. ఒక్కసారి కూడా మిషను ఎక్కనివాళ్లు. ఫైల్లో తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. అతను రాసిన రాత ఆ ఖాళీని అన్నిటికంటే పాత తేదీ అనుకుంది. మీట నొక్కి ఉంటే చచ్చినవాళ్లతో పాటు వీళ్లూ పోయేవారు. చప్పుడు ఉండేది కాదు. ఇక్కడే, ఈ గోడవారే, పిలుపు కోసం చెవులొగ్గి కూర్చుని ఉండేవారు.

దాలమ్మ ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏ మంచం బాబూ?"

అతను కాగితం మడిచేశాడు.

"నా పేరే కదా పిలిచినావు?"

"నీ పేరేనమ్మా. వంతు... ఇంకా రాలేదు. కూర్చో."

"మరెందుకు పిలిచినావు?"

అతను తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పోన్లే. కంప్యూటర్ నోపల నా పేరైతే ఉంది గదా?"

"ఉందమ్మా."

"ఉంటే సాలు బాబూ" అని, పక్కామెని పిలిచి, గోడ పట్టుకుని మెల్లిగా కూలబడింది.

మేము గదిలోకి తిరిగి వచ్చేసరికి స్వామి కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. అక్కడి నుంచి వరండా కనిపిస్తుంది. లేని వంతుకి వాళ్లందర్నీ లేపి మళ్లీ కూలబెట్టినందుకు నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తల వంచుకున్నారు. ఆ కోపం నాకిప్పటికీ ఉంది.

హేమసుందర్ కంప్యూటర్‌కి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు చేతులూ ఎదురుగా పెట్టుకుని చూసుకుంటున్నాడు. వణుకుతున్నాయి.

స్వామి అతని దగ్గరికి వెళ్లారు. భుజం మీద చెయ్యి వేసి, ఉపదేశం ఇచ్చినట్టు అతని చెవి దగ్గరికి వంగి ఒకే ఒక్క మాట చెప్పారు.

హేమసుందర్ ఉలిక్కిపడ్డాడు. "స్వామీ, పెద్ద తాళం... ఇప్పుడా?"

స్వామి తన కుర్చీ అతని వైపు జరిపారు.

"భయం పోయిన రోజున వచ్చి చెప్పు" అన్నారు. "తాళం మారుస్తాను."