పదమూడు గుంటల రాయి

ఏడేళ్ల తర్వాత అంకారావు గురువు గుమ్మం తొక్కాడు. చంకలో లావుపాటి పుస్తకం. ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

గురువంటే ఎల్లమంద మేస్త్రి. రాయి కొట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనంతటివాడు లేడు. తన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నవాడు బొమ్మల కాలేజీకి పోయాడని ఆనాడే మాట మానేశాడు. ఇప్పుడూ తలెత్తలేదు. ఉలికి పదును పెట్టుకుంటూనే ఉన్నాడు.

"మేస్త్రీ, పార్కులో నా రాయికి రోజులు దగ్గరపడ్డాయి."

క్వారీలో బండ కూలి చనిపోయిన పదమూడుమంది గుర్తుగా అంకారావు నిలబెట్టిన రాయి అది. ఆరడుగుల నల్లరాయి. బండను చీల్చేముందు వరసగా గుంటలు కొడతారే, అలాగే చెయ్యి అందే ఎత్తున పదమూడు గుంటలు. చీల్చలేదు. ముఖం లేదు, మనిషి లేడు.

"రాయి పక్కన పెట్టిన పుస్తకం ఇది. జనం ఏం రాశారో వినండి," అని పుస్తకం తెరిచాడు. ఎల్లమందకు తన పేరు గీయడం మించి చదువు లేదు.

"'సగంలో వదిలేసిన పనికి రిబ్బన్ కత్తిరించారా?' 'మా ఆవిడ దీన్ని గుంతపొంగణాల పెనం అంది.' 'మనిషి బొమ్మ పెట్టండి, దండ వెయ్యడానికి మెడైనా ఉంటుంది.'"

"మెడ సంగతి బాగుంది," అన్నాడు మేస్త్రి.

"మాటలు ఓర్చుకున్నాను మేస్త్రీ. గుంటల్ని చెత్తకుండీ చేశారు. బీడీలు, పొగాకు, చిరుతిళ్లు. రోజూ నేనే ఊడ్చి పోస్తున్నా. మున్సిపాలిటీ ఇంజనీరు వాటిని సిమెంటుతో పూడ్చేసి, పైన ఇనప టోపీ పెట్టుకుని నవ్వే బొమ్మ నిలబెడతాడంట. నా సంతకం లేందే ముట్టుకోవడానికి లేదు. ఇవాళ పెట్టేస్తాను. సిగ్గుతో చస్తున్నా."

ఎల్లమంద ఉలి, సుత్తి నడుముకు దోపుకున్నాడు.

"పొద్దున ఊడ్చింది ఎక్కడ పోశావు?"

"రాయి పక్కనే, డబ్బాలో."

"పద."

పార్కులో నడకకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆగాడు. "ఏం తాతా, మిగతా సగం చెక్కడానికొచ్చావా?"

"నువ్వు నడువు నాయనా. ఆ పొట్ట పని సగంలోనే ఆగింది."

ఎల్లమంద డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. ఒక బీడీ తీశాడు. పంచెకు తుడిచి శిష్యుడి కళ్ల ముందు పట్టాడు.

"కాల్చిందేనా ఇది?"

కాల్చలేదు. చుట్టిన ఎర్రదారం కూడా చెదరలేదు. ఇంకో బీడీ తీశాడు. అదీ అంతే. ఆకులో మడిచి దారంతో కట్టిన పొగాకు. రెండు వక్కలు. కాగితంలో చుట్టిన జంతిక, కొరకనిది.

పెద్దల పండగనాడు పోయిన తండ్రి ఫోటో ముందు తన తల్లి చుట్ట పెట్టి పక్కకు తిరిగి నిలబడడం అంకారావుకు కళ్లలో మెదిలింది.

"ఏది ఏ గుంటలోదిరా?" అన్నాడు ఎల్లమంద.

అంకారావు నెల రోజులుగా అన్నీ కలిపే ఊడ్చాడు. రాయి మొదట్లో కూర్చుని డబ్బా ఒళ్లోకి లాక్కున్నాడు.

అంతలో ఇంజనీరు వచ్చాడు, వెనక సిమెంటు బస్తాతో తాపీ మేస్త్రి. "ఎవరయ్యా ముసలాయనా, జరుగు. ఈ రాయికి అర్థమేంటని ఊరంతా అడుగుతోంది. చెప్పలేక మా ప్రాణం పోతోంది."

ఎల్లమంద అతని వైపు చూడలేదు. బీడీని ఒక గుంటలో పెట్టాడు. "అడిగినవాళ్లు పెట్టలేదు. పెట్టినవాళ్లు అడగలేదు."

ఇంజనీరుకు తలా తోకా తెలియలేదు. కాగితం, పెన్నూ అంకారావు ముందు చాపాడు. "కానివ్వవయ్యా, నాకు ఇంకో నాలుగు పనులున్నాయి."

అంకారావు లేచాడు. పెన్ను అందుకున్నాడు. దానికి మూత పెట్టి ఇంజనీరు జేబులోనే గుచ్చాడు.

"నేను పెట్టను సార్."

"పిచ్చా నీకు? రేపు పేపర్లో వేసి తిడతారు!"

"తిట్టనివ్వండి. ఆ పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి."

ఏడేళ్లకు ఎల్లమంద శిష్యుడి ముఖంలోకి చూశాడు. పెట్టిన బీడీ గాలికి దొర్లి కింద పడింది. వంగి తీసుకున్నాడు. గుంటలో వేలు పెట్టి కొలిచి పెదవి విరిచాడు. నడుమున దోపిన ఉలి, సుత్తి తీసి అంకారావు చేతిలో పెట్టాడు.

"కాలేజీలో ఏం నేర్పారో నాకు తెలవదు. లోతు చాల్లేదు."

అంకారావు వేసిన మొదటి సుత్తి దెబ్బకు ఇంజనీరు రెండడుగులు వెనక్కి వేశాడు.